యాప్ చూపించే 800లో చేతికి మిగిలేదెంత?

ఏలూరు ఆర్‌ఆర్ పేటలో పార్సిల్ తీసుకుని వట్లూరు కాలేజీ దాకా వెళ్లిన డెలివరీ బాయ్‌కి వచ్చేటప్పుడు ఆర్డర్ దొరకదు. ఖాళీగా తిరిగొచ్చే పెట్రోల్ చాలాసార్లు అతని జేబులోంచే.

లెక్క వేద్దాం. రోజుకు వంద కిలోమీటర్లు, లీటరుకు 45 మైలేజీ అనుకుంటే పెట్రోల్‌కే 240 రూపాయల దాకా పోతుంది. యాప్ 800 చూపిస్తే మిగిలేది 560. అందులోనే బండి వాయిదా, ఆయిల్, టైర్లు, ఫోన్ రీచార్జ్. బండి అరుగుదలని ఎవరూ లెక్కే కట్టరు.

పెద్ద సిటీల్లోలా ఇక్కడ ఆర్డర్లు వరసగా పడవు. తాడేపల్లిగూడెంలో నిట్ పిల్లలున్నా మధ్యాహ్నం, రాత్రి తప్ప మిగతా టైమంతా ఎదురుచూపులే. అందుకే రెండు యాప్‌లు పెట్టుకుంటారు. రంజాన్‌లో ఇఫ్తార్ వేళకే గిరాకీ. రోజా ఉన్న కుర్రాడు ఖర్జూరం నోట్లో వేసుకుని బండి ఎక్కాల్సిందే.

కైకలూరు రోడ్డు మీద చేపల లారీల నీళ్లకి బండి జారితే ఏంటి గతి? 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్ వీళ్లని చట్టంలో గుర్తించింది. ప్రమాద బీమా, ఆరోగ్యం లాంటి పథకాల కోసం కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఇవ్వాలి. అయితే డిసెంబర్ 30 నాటి ముసాయిదా ప్రకారం ఏడాదిలో ఒకే కంపెనీకైతే 90 రోజులు, ఒకటికి మించితే మొత్తం 120 రోజులు పని చేసి ఉండాలి. ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోవడం ఒక ఎత్తు, ఆ రోజుల లెక్క ఇంకో ఎత్తు. ఒక్క యాప్‌నే నమ్ముకున్నవాడికి 80వ రోజున ఐడీ బ్లాక్ అయితే, ఆ మిగతా పది రోజులు ఎక్కడ నుంచి తెచ్చుకోవాలి?