ఎలెక్టివ్ అంటే ఎంచుకునేదా, అంటగట్టేదా?

ఇంజినీరింగ్ సి.ఎస్.ఇ. నాలుగో సంవత్సరం సిలబస్ కాగితం మీద చూస్తే భలే ముచ్చటేస్తుంది. జేఎన్టీయూ హైదరాబాద్ వాళ్ళ ఆర్18 నే తీసుకోండి. మొత్తం 160 క్రెడిట్లు, వాటిలో ఆరు ప్రొఫెషనల్ ఎలెక్టివ్‌లు, మూడు ఓపెన్ ఎలెక్టివ్‌లు. ఐదో ఎలెక్టివ్ కింద అడ్వాన్స్‌డ్ అల్గారిథమ్స్, రియల్ టైమ్ సిస్టమ్స్, సాఫ్ట్ కంప్యూటింగ్, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ లాంటివి ఉంటాయి. ఆరో దాని కింద డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, న్యూరల్ నెట్‌వర్క్స్, హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్, సైబర్ ఫోరెన్సిక్స్, కంప్యుటేషనల్ కాంప్లెక్సిటీ. పెళ్ళి భోజనాల్లో వంటకాల జాబితా చదివినట్టే ఉంటుంది. తీరా కూర్చున్నాక విస్తట్లో పడేది మాత్రం పప్పన్నం ఒక్కటే.

మాది సిద్దిపేట పక్కన చిన్నకోడూరు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానని తెలుసు కాబట్టి మా మండలంలో సి.ఎస్.ఇ. చదివే పిల్లలు చివరి ఏడాదిలో ఫోన్ చేస్తుంటారు. "ఎలెక్టివ్ ఏం తీసుకున్నవ్ తమ్మీ?" అని అడుగుతాను. పదిమందిలో ఎనిమిదిమంది జవాబు ఒకటే: "తీసుకునుడేంది అన్నా, మా కాలేజీల అదొక్కటే ఇచ్చిండ్రు." మిగతా ఇద్దరిదీ ఇంకో జవాబు: "స్కోరింగ్ అన్నరు, అందుకే తీసుకున్న."

ఇందులో కాలేజీలను పూర్తిగా తిట్టిపోయడం కూడా న్యాయం కాదు. అరవైమంది ఉన్న సెక్షన్‌లో పదిమంది డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ కావాలంటే దానికి ఒక లెక్చరర్, ఒక క్లాస్ రూం, టైంటేబుల్‌లో ఒక గంట కావాలి. ఆ సబ్జెక్టు బాగా తెలిసిన మనిషికి హైదరాబాద్‌లో కంపెనీ ఇచ్చే జీతంలో సగం కూడా జిల్లా కాలేజీ ఇవ్వలేదు. కాబట్టి ఉన్న లెక్చరర్ ఏది చెప్పగలిగితే అదే 'పిల్లల ఎంపిక' అయిపోతుంది. అర్థం చేసుకోవచ్చు. కానీ అర్థం చేసుకున్నంత మాత్రాన నష్టం పోదుగా!

ఇక్కడ మన ఐటీ మిత్రులు వెంటనే ఒక మాట అంటారు. "కాలేజీలో చదివింది ఎవడికి పనికొచ్చింది బాసూ? మనమంతా ఉద్యోగంలో చేరాకే కదా నేర్చుకుంది!" నిజమే, ఒకప్పుడు. సివిల్ వాణ్ణీ మెకానికల్ వాణ్ణీ కూడా వందల కొద్దీ తీసుకుని, నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చి, బెంచి మీద కూర్చోబెట్టి జీతమిచ్చిన రోజులవి. 2023 నుంచి పెద్ద కంపెనీల్లో ఫ్రెషర్ల నియామకాలు బాగా తగ్గాయి. పైగా మనం మొదటి ఏడాదంతా రాసిన చిల్లర కోడ్, అంటే ఫారాలు, రిపోర్టులు, టెస్ట్ కేసులు, ఇప్పుడు ఏఐ టూల్ నిమిషాల్లో రాసి పడేస్తోంది. ఏ మెట్టు మీద నిలబడి మనం నేర్చుకున్నామో ఆ మెట్టే అరిగిపోతోంది. 'చేరాక నేర్చుకో' అనే సలహా ఇప్పుడిచ్చామంటే, మనం ఎక్కొచ్చిన నిచ్చెనను పక్కకి లాగేసి 'పైకి రా' అన్నట్టే.

ఇంకో సంగతి. హైదరాబాద్‌లో పుట్టిన పిల్లాడికి కాలేజీ బాగోకపోయినా ఇంట్లో నాన్నో, అక్కో, పై ఫ్లోర్ అంకులో ఐటీలో ఉంటారు. కాలేజీలో దక్కనిది ఇంట్లో కొంత దక్కుతుంది. మా చిన్నకోడూరు పిల్లాడికి కంప్యూటర్ సైన్స్ అనేది దొరికే చోటు ఆ కాలేజీ ఒక్కటే. అక్కడ దొరక్కపోతే చివరి సెమిస్టర్లో సిద్దిపేటలో బస్సెక్కి జేబీఎస్‌లో దిగి అమీర్‌పేట పోవాలి. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్‌కి ఒక ఫీజు, ప్రాజెక్టు కొనడానికి ఇంకో ఫీజు, హాస్టల్‌కి మరోటి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నెట్టుకొచ్చిన చదువుకి చివర్లో చేతి డబ్బులు పడతాయన్నమాట. అవి వరి అమ్మిన డబ్బులు.

ప్రాజెక్టు కొనడం గురించి ఒక్క మాట. కొన్న ప్రాజెక్టు వైవా దాటిస్తుందేమో గానీ ఇంటర్వ్యూ దాటించదు. 'ఈ టేబుల్‌లో ఈ కాలమ్ ఎందుకు పెట్టావ్?' అని అడిగితే చాలు, అమ్మినవాడికి తప్ప ఇంకెవరికీ జవాబు తెలీదు.

మరి ఎంచుకునే అవకాశం వస్తే ఏది ఎంచుకోవాలి? నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. పేరు కొత్తగా ఉన్నది కాదు, పాతబడనిది ఎంచుకోవాలి. ఆర్09, ఆర్13, ఆర్16, ఆర్18, ఆర్22 అంటూ సిలబస్ నాలుగేళ్ళ లోపే మారుతూ వచ్చింది. అయినా లోకంతో పాటు పరిగెత్తలేదు, ఏ యూనివర్సిటీ వల్లా కాదు. ఆర్22 బ్యాచ్ కాలేజీలో అడుగుపెట్టిన కొత్తలోనే, 2022 నవంబర్లో, ఛాట్‌జీపీటీ వచ్చింది.  ఇంకోవైపు చూడండి. రిలేషనల్ డేటాబేస్ ఆలోచనను కాడ్ చెప్పింది 1970లో. వేరువేరు కంప్యూటర్లలో ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అనే లెక్కను లాంపోర్ట్ రాసింది 1978లో. ఇవి ఇవాళ్టికీ అన్నం పెడుతున్నాయి.

మా ఊరి ఉదాహరణే చెప్తాను. టీ కొట్టు దగ్గర ఫోన్‌తో స్కాన్ చేశారు. మీ ఖాతాలో డబ్బులు కట్ అయ్యాయి, కొట్టులో సౌండ్ బాక్స్ మాత్రం నోరు మెదపలేదు. మళ్ళీ కొట్టాలా, ఆగాలా? 2016లో వచ్చిన యూపీఐ వెనక మీ బ్యాంకు, మధ్యలో ఎన్‌పీసీఐ, కొట్టాయన బ్యాంకు ఉన్నాయి. పంపిన కబురు చేరలేదా, లేక చేరాక జవాబు దారిలో తప్పిపోయిందా? పంపినవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదీ చిక్కు. అందుకే ఒకే చెల్లింపు రెండుసార్లు పడకుండా ప్రతి లావాదేవీకి ఒక నంబరు, తేలనివాటిని తర్వాత సరిచూసే ఏర్పాటు పెడతారు. ఇదే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్. 'థియరీ బాబోయ్' అని పిల్లలు పారిపోయే సబ్జెక్టు రోజూ టీ కొట్టు ముందర నిలబడి ఉంది.

హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ సంగతి ఇంకా ఘోరం. దాన్ని 'బొమ్మల సబ్జెక్టు' అంటారు. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైంది. పాస్‌బుక్‌లో పేరు తప్పు పడితే, విస్తీర్ణంలో గుంటలు తేడా వస్తే, దిద్దుకునే దారి కోసం రైతులు మీసేవ చుట్టూ, కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. సవరణల కోసం మాడ్యూల్స్ ఒక్కొక్కటే తర్వాత చేరుస్తూ వచ్చారు. చివరికి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. చట్టం, రాజకీయం సంగతి వేరే చర్చ. ఇంజినీరుకి ఇందులో ఉన్న పాఠం ఒకటే: డేటాలో తప్పు ఉండి తీరుతుంది, దాన్ని దిద్దుకునే దారి మొదటి రోజే కట్టాలి. తెరమీద ఒక బటన్ లేకపోతే ఒక ముసలాయన ఎన్నిసార్లు బస్సెక్కాలో తెలిసినవాడే ఈ సబ్జెక్టు బాగా చదవగలడు. ఆ లెక్కన మా మండలం పిల్లలకు ఇందులో అందరికన్నా ఎక్కువ మార్కులు రావాలి!

సరే, విమర్శ అయింది. చేయగలిగింది ఏమిటి?

పిల్లలకి: కాలేజీ ఇవ్వకపోతే ఎన్‌పీటీఈఎల్ ఉంది. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టింది. పాఠాలు చూడ్డానికి పైసా ఖర్చు లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. యూజీసీ 2021 నిబంధనల్లో ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం వేదిక ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకునే వీలుంది. మీ యూనివర్సిటీ, మీ కాలేజీ ఎంతవరకు ఒప్పుకుంటాయో మూడో సంవత్సరంలోనే వెళ్ళి అడగండి. నాలుగో సంవత్సరంలో అడిగితే 'లేట్ అయింది' అంటారు. ప్రాజెక్టు కొనకండి. మన మండలంలోనే చంద్లాపూర్ దగ్గర 3 టీఎంసీల రంగనాయకసాగర్ ఉంది. కాలువ కింద ఏ ఊరికి ఎప్పుడు నీళ్ళొచ్చాయో ఒక సీజన్ పాటు రాసి పెట్టండి, దాని మీద ప్రాజెక్టు కట్టండి. చిన్నదైనా మీదే. ఏ ప్రశ్న అడిగినా జవాబు మీ దగ్గరే ఉంటుంది.

కాలేజీలకి: ఐదు ఎలెక్టివ్‌లు పెట్టమని ఎవరూ అనట్లేదు. రెండు పెట్టండి చాలు. ఒకటి మీ లెక్చరర్ చెప్పేది, ఇంకోటి ఆన్‌లైన్ పాఠాలు విని లెక్చరర్‌తో కలిసి లెక్కలు చేసేది. రెండిట్లో ఒకటి అనే క్షణం రాకపోతే పిల్లాడు ఎంచుకోవడం ఎప్పుడు నేర్చుకుంటాడు? ఉద్యోగంలో మనం చేసే పనిలో సగం అదే కదా, రెండు దారుల్లో ఒకటి ఎంచుకుని, ఎందుకో చెప్పగలగడం.

ఇక మనకి: ఊరికి వెళ్ళినప్పుడు గుడికి చందా రాస్తాం, బడికి బెంచీలిస్తాం, ఫొటో దిగుతాం. మంచిదే. దానితోపాటు ఒక సెమిస్టర్‌లో పది శనివారాలు, రెండేసి గంటలు, మన దగ్గరి కాలేజీలో ఒక ఎలెక్టివ్‌కి లెక్చరర్ పక్కన కూర్చుందాం. 2023లో సిద్దిపేటలో ఐటీ టవర్ ప్రారంభమైంది, ఆ ఏడాదే రైలు కూడా వచ్చింది. కాబట్టి 'అంత దూరం ఎవరు పోతారు' అనే సాకు కూడా పాతబడింది. మొత్తం ఇరవై గంటలు. మనం ఒక్క రిలీజ్ వారంలో మీటింగుల్లో పోగొట్టుకునేంత.

నేను డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ తీసుకుంటాను. మీరు ఏది తీసుకుంటారు?