డిస్కు నిండితే ముందు చెరిపేది సాక్ష్యాన్నేనా?

"డిస్కు ఫుల్లయిందా? పాతవి లేపెయ్!" మన ఫీల్డులో ఈ మాట అనని వాళ్ళుంటే చెయ్యెత్తండి. నేనూ అన్నవాణ్ణే. ఇకమీదట అనను.

మొన్న సంక్రాంతికి కృష్ణపట్నం వెళ్ళాను. మా ఊరే లెండి. 2008లో పోర్టు తెరిచేటప్పటికి నేను బడిపిల్లాణ్ణి. ఇప్పుడు ఊళ్ళో చాలామందికి లారీలే బతుకు. మా పక్కింటి బాబాయ్ బొగ్గు లారీ తోల్తాడు. దించేచోట తూకం తగ్గిందని షార్టేజీ కింద ఆయన డబ్బులు కోశారు. ఎత్తేటప్పుడే తక్కువ ఎత్తారంటాడాయన. కాటా చీటీ వానలో తడిసి చిరిగిపోయింది. స్కాన్ కాపీ ఉందా అని ఆఫీసులో అడిగితే "సిస్టంలో లేదు" అన్నారట.

"అబ్బయా, నువ్వు కంప్యూటర్ల చదువు చదివినావు గదా, సిస్టంలో లేదంటే జరగనట్టేనా?" అనడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

బతిమాలుకుని ఆ సిస్టం చూశాను. అద్దెకు తీసుకున్న లినక్స్ వర్చువల్ మెషీన్, 20 జీబీ డిస్కు. కమాండ్ హిస్టరీ తీస్తే కథంతా అందులోనే ఉంది. ఎవరో మహానుభావుడు ముందు పెద్ద లాగ్ ఫైలు ‘ఆర్ఎం’ కొట్టాడు. ‘డీఎఫ్’ చూస్తే ఇంకా 100 శాతమే! కంగారుపడి కాటా చీటీల స్కాన్లున్న ఫోల్డరు మొత్తం లేపేశాడు. తర్వాత సర్వీసు రీస్టార్ట్ చేశాడు. లాగ్ ఆక్రమించిన జాగా అప్పుడు ఖాళీ అయింది. బ్యాకప్పా? ఆ మాటే అడక్కండి.

జరిగిందేమిటంటే, లినక్సులో ఫైలు చెరిపితే పోయేది పేరే. ఏ ప్రోగ్రామైనా దాన్ని తెరిచి ఉంచినంతసేపూ జాగా తిరిగి రాదు. ‘ఎల్ఎస్ఓఎఫ్’ కొడితే అర నిమిషంలో తెలిసేది. చీటీలు పోగొట్టుకోనక్కర్లేకుండానే పని అయిపోయేది.

"ఇంకో 50 జీబీ పెంచితే పోలా?" అంటారు కొందరు మేధావులు. లాగ్ రొటేషన్ పెట్టకపోతే ఆ 50 కూడా నిండుతుంది బాబూ. చిల్లు కుండకు పక్కన ఇంకో కుండ పెట్టడం పరిష్కారమా?

మరేం చెయ్యాలి? ముందు ‘డీఎఫ్’తో ఏ పార్టిషన్ నిండిందో, ఐనోడ్లు అయిపోయాయేమో చూడండి. ‘డీయూ’తో ఎవరు తింటున్నారో పట్టుకోండి. ప్యాకేజీ క్యాషె, పాత కెర్నళ్ళు, వాడని డాకర్ ఇమేజీలు... ఇవి మళ్ళీ తెచ్చుకోగలిగినవి, వీటితో మొదలుపెట్టండి. సిస్టం జర్నలుకి హద్దు పెట్టండి. నడుస్తున్న లాగుని చెరపకండి, కాపీ తీసుకుని సున్నాకు కుదించండి. హోస్టులో కూడా జాగా కావాలంటే గెస్టులో ‘ఎఫ్ఎస్ట్రిమ్’ నడపాలని గుర్తుంచుకోండి.

ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. నా గొడవ వేరే. ఏది పనికిరాని ఫైలో తేల్చే హక్కు మనకెవరిచ్చారు? అర్ధరాత్రి అలర్టు వస్తే నిద్రమత్తులో ఉన్న ఇంజనీరు ఒకరి కూలి లెక్క చెరిపేస్తాడు. మనకవి జీబీలు. బాబాయ్‌కి అవి ఇంటి సరుకులు. ఏ రికార్డు ఎన్నాళ్ళుండాలో దాని సొంతదారు ముందే రాసివ్వాలి. రాసివ్వకపోతే పట్టుబట్టి అడగడం మన పని. తెలియనిదాన్ని ఇంకో చోటికి కాపీ చెయ్యండి, చెరపకండి. అది చేతకాకపోతే మన డిగ్రీలెందుకు?

బాబాయ్ డబ్బులు తిరిగి రాలేదు. ఇప్పుడు ప్రతి చీటీకీ ఫోన్లో ఫోటో తీసుకుంటున్నాడు. నిన్న ఫోన్ చేసి, "స్టోరేజీ ఫుల్లంటా ఉందబ్బయా, ఏది తీసెయ్యమంటావు?" అన్నాడు.

"ఏదీ తియ్యొద్దు బాబాయ్. నేనొచ్చి చూస్తా" అన్నాను.