వైనరీ, సైకిలు, ట్రైలరు... మధ్యలో షుగరు మాత్ర

మీ పిల్లలు అమెరికాలో ఉంటే ఈ ఆహ్వానం మీకూ వచ్చే ఉంటుంది. ‘‘లాంగ్ వీకెండ్ వస్తోంది నాన్నా. నాలుగు ఫ్యామిలీలం కలిసి ట్రైలర్లు తీసుకెళ్తున్నాం. పగలు సైక్లింగ్, దారిలో రెండు మూడు వైనరీలు. అమ్మా, నువ్వూ రండి’’ అంటారు. తీరా అక్కడికి వెళ్లాక పిల్లల స్నేహితుల్లో ఎవరో ఒకరు గ్లాసు అందిస్తూ ‘‘రెడ్ వైన్ గుండెకు మంచిదే అంకుల్, ఏం కాదు’’ అంటారు. షుగరుకు, బీపీకి మాత్రలు వేసుకునేవారు ఆ గ్లాసు అందుకునే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

ఇలాంటి యాత్రలకు మిస్సోరీ రాష్ట్రంలోని కేటీ ట్రయల్ పేరుపొందింది. ఒకప్పటి మిస్సోరీ-కాన్సాస్-టెక్సాస్ రైలుమార్గాన్ని తీసేసి, దాని మీదే దాదాపు 240 మైళ్ల సైకిలు బాట వేశారు. చాలా దూరం మిస్సోరీ నది పక్కనే సాగుతుంది. రైళ్లు నడిచిన దారి కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. మెత్తగా నలిపిన సున్నపురాయి పరిచి ఉంటుంది. సైకిలు వదిలేసి ఇరవై ఏళ్లయిన వాళ్లకైనా పెద్దగా ఇబ్బంది ఉండదు. దారిలో జర్మన్ వలసదారులు ద్రాక్షతోటలు వేసిన ఊళ్లున్నాయి. వాటిలో అగస్టాకు 1980లో అమెరికాలోనే మొట్టమొదటి అధికారిక ద్రాక్షసాగు ప్రాంతంగా గుర్తింపు వచ్చింది. నాపా వ్యాలీ ఆ తర్వాతే. నదికి ఆవలి ఒడ్డున హెర్మన్ ఉంది. మద్యనిషేధం రోజుల్లో అక్కడి స్టోన్ హిల్ వైనరీ నేలమాళిగల్లో పుట్టగొడుగులు పెంచి పొట్టపోసుకున్నారట!

సైకిలు సంగతిలో రెండో మాట లేదు. చదునైన బాట మీద, మాట్లాడుకుంటూ తొక్కగలిగే వేగంతో రోజుకో గంట తొక్కితే షుగరుకూ బీపీకీ మేలే. మోకాళ్ల మీద భారం కూడా తక్కువ. చిక్కంతా రెండోదానితోనే.

‘గుండెకు మంచిది’ అన్న మాటకు ఊపునిచ్చింది 1991లో అమెరికాలో ప్రసారమైన ‘60 మినిట్స్’ టీవీ కార్యక్రమం. ఫ్రెంచివాళ్లు వెన్న, జున్ను అంతగా తింటున్నా గుండెజబ్బులు తక్కువ ఉండటానికి రెడ్ వైన్ కారణం కావచ్చని అందులో చెప్పారు. తర్వాత పరిశోధకులు ఇలాంటి లెక్కల్లోని లొసుగులు బయటపెట్టారు. జబ్బు చేసి తాగడం మానేసినవాళ్లను ‘తాగనివాళ్ల’ కింద రాసేయడంతో, కొద్దిగా తాగేవాళ్లు వాళ్లకన్నా ఆరోగ్యంగా కనిపించారు. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. 2025 జనవరిలో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి, రొమ్ము, పెద్దపేగు, కాలేయం, గొంతు సహా ఏడు రకాల క్యాన్సర్లకు మద్యంతో సంబంధం ఉందంటూ సీసాల మీద హెచ్చరిక ముద్రించాలని సూచించారు. 2026లో వచ్చిన అమెరికా ఆహార మార్గదర్శకాలు ‘మగవారికి రోజుకు రెండు, ఆడవారికి ఒకటి’ అన్న పాత లెక్క తీసేసి తక్కువ తాగమన్నాయి. మద్యంతో పడని మందులు వాడేవాళ్లు అసలు ముట్టొద్దన్నాయి.

జనం కూడా మారుతున్నారు. 2025 ఆగస్టు నాటి గాలప్ సర్వేలో మద్యం తాగుతామన్న అమెరికన్లు 54 శాతమే. ఆ సంస్థ ఇన్నేళ్ల లెక్కల్లో అదే అతి తక్కువ. అక్కడివాళ్లే వదిలేస్తున్న నమ్మకాన్ని మనం కొత్తగా తలకెత్తుకోవడం విచిత్రం.

ఇక ఆ ‘రుచి చూడటం’ ఎంతో లెక్క వేద్దాం. ఒక్కో రకం 30 మిల్లీలీటర్లు పోశారనుకుంటే ఐదు రకాలకు 150. అంటే అమెరికా లెక్కలో ఒక పూర్తి డ్రింకు, 14 గ్రాముల ఆల్కహాలు. మూడు వైనరీలు తిరిగితే మూడు డ్రింకులు. కాలేయం గంటకు ఇంచుమించు ఒక్క డ్రింకునే వదిలించగలదు. ‘రుచే కదా చూశాం’ అనుకుంటూ సైకిలెక్కే మనిషి ఒంట్లో అది ఇంకా ఉంటుంది. ఎండలో చెమట పట్టి, దానికి మద్యం తోడై, బీపీకి మూత్రం ఎక్కువ పోయించే మాత్ర కూడా వేసుకునేవాళ్లయితే, సైకిలు దిగి నిలబడగానే కళ్లు తిరుగుతాయి.

అసలు ప్రమాదం రాత్రి. మన దగ్గర చాలామంది వాడే గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ మాత్రలు, ఇన్సులిన్ చక్కెరను కిందికి దించుతాయి. పగలంతా సైకిలు తొక్కిన కండరాలు ఆ రాత్రి కూడా రక్తంలోంచి చక్కెర లాగుతూనే ఉంటాయి. మామూలు రోజైతే చక్కెర తగ్గగానే కాలేయం కొత్తగా తయారుచేసి అందిస్తుంది. మద్యాన్ని వదిలించే పనిలో పడితే ఆ తయారీ మందగిస్తుంది. ఈ మూడూ కలిస్తే తెల్లవారుజామున ట్రైలర్లో పడుకున్న మనిషికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడటం, తికమక. పక్కవాళ్లకు ఇవన్నీ మత్తులాగే కనిపిస్తాయి. ‘‘కాస్త ఎక్కువైనట్టుంది, పడుకోనివ్వండి’’ అనేస్తారు. ఆ ఒక్క మాట ప్రాణం మీదికి తెస్తుంది.

అనుమానం రాగానే గ్లూకోమీటరుతో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 911కి ఫోన్ చేయాలి. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్లకు చక్కెర ఇలా పడిపోవడం అరుదు. అయినా అతిగా తాగితే ఆ మాత్రతో రక్తంలో ఆమ్లం పెరిగే ముప్పుంది. యాత్రకు ముందే మీ డాక్టరుతో మాట్లాడి, ఎక్కువ తొక్కే రోజు మాత్ర మోతాదు మార్చాలేమో అడగండి. సొంతంగా మానేయకండి. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలూ ఓసారి చదవండి. మత్తులో తగిలిన దెబ్బలకు చాలా పాలసీలు డబ్బివ్వవు.

పిల్లలకూ ఓ మాట చెప్పండి. ట్రైలర్ లాగే వాహనం నడిపేవాళ్లు ఆ రోజు చుక్క కూడా ముట్టకూడదు. మిస్సోరీలో డ్రైవర్ రక్తంలో ఆల్కహాలు పరిమితి 0.08 శాతం, మన దేశంలో 0.03. అక్కడి చట్టం కాస్త వదులుగా ఉందని ఒళ్లు వినదు కదా! తాగేవాళ్లయినా ముందు సైకిలు పని ముగించి, ట్రైలర్ ఒకచోట నిలిపి, అన్నం తిన్నాకే గ్లాసు పట్టుకోవాలి. పడుకునేముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూడమనండి. జనరేటరు, గ్యాస్ హీటరు పొగ లోపల చేరితే తలనొప్పి, వాంతులు వస్తాయి. తాగినవాళ్లు అదీ హ్యాంగోవరే అనుకుంటారు.

మరి వైనరీకి వెళ్లి ఊరికే కూర్చోవాలా అంటే, చాలాచోట్ల ద్రాక్షరసం దొరుకుతుంది. అయితే షుగరున్నవాళ్లు దాన్ని గటగటా తాగేయకూడదు. చిన్న సీసా ఒకటి కొని రాత్రి తలగడ పక్కన, గ్లూకోమీటరుతో పాటు పెట్టుకోండి. చక్కెర పడిపోతే అరగ్లాసు ఆ రసం మూడు చెంచాల చక్కెరతో సమానం.