పట్టుదల ఒక్కటే చాలదు

కష్టాలకు ఎదురీది చదువుకున్న స్త్రీని చూపించి, 'పట్టుదల ఉంటే సాధించలేనిదేముంది?' అనడం మనకు అలవాటు. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌నూ అలాగే పొగుడుతాం. ఎనిమిదో ఏట పెళ్ళి, ఉప్పు సత్యాగ్రహంలో జైలు, ఆ తర్వాతే మెట్రిక్, 1942లో లా పట్టా. నిజమే, అసాధారణమైన పట్టుదల. కానీ ఆమె తన చదువుతో ఆగిపోలేదు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను ఆరంభించి, ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేసింది. పట్టుదల ఉన్నవాళ్ళకూ ఆసరా కావాలన్నదే ఆ పని చెప్పే పాఠం. పదో తరగతితో చదువాగిన పల్లెటూరి పిల్లకు మనం ఉపన్యాసాలిస్తున్నాం. ఊరికి బస్సు, కాలేజీ దగ్గర హాస్టలు, పెళ్ళి తొందరపెట్టని ఇల్లు - వీటి మాటేమిటి? ఆ పిల్లకు ఓర్పు నేర్పడం కాదు, అడ్డు తొలగించడం మన బాధ్యత. చదువు ఆమె సాహసం కాదు, హక్కు.