పోచంపల్లి యాత్రకు ముందు

మేడ్చలు, శామీరుపేట ప్రాంతముల యువకులు కొందఱు వచ్చు శీతకాలమున సైకిళ్లపై దూరయాత్ర యొకటి సాగింప సంకల్పించియున్నారు. 1951వ సంవత్సరమున ఆచార్య వినోబా భావేగారు వార్ధా చెంతనున్న పవనారు ఆశ్రమమునుండి హైదరాబాదు దాపునగల శివరాంపల్లికిని, అచ్చటినుండి పోచంపల్లికిని కాలినడకను వచ్చిరి. ఆ త్రోవను తామును చూడవలెనని ఈ యువకుల కోరిక. సంకల్పము శ్లాఘనీయము. తమతో రమ్మని మమ్ములను గూడ పిలిచిరి, మేమును సమ్మతించితిమి. కాని సన్నాహము మాట వచ్చినప్పుడు మాకును వారికిని అభిప్రాయభేదము పొడసూపినది. ఇట్టి యాత్రలు నేడు ఊరూర బయలుదేఱుచున్నవి గావున ఈ వివాదమును పఠనమందిరపు నాలుగు గోడలనడుమ ముగింపక చదువరుల యెదుట నుంచుచున్నాము.

మొదట ఆ త్రోవ యెట్టిదో జ్ఞప్తికి దెచ్చుకొందము. శివరాంపల్లిలో జరుగనున్న సర్వోదయ సమ్మేళనమునకు వినోబాగారు రైలెక్కి రాలేదు. 1951 మార్చి 8వ తేదిని పవనారునుండి బయలుదేఱి, మున్నూరు మైళ్ల దూరమును నెలదినములలో నడచిరి. దినమునకు పది మైళ్లు. అప్పటికి వారికి యేబదియైదేండ్ల వయస్సు. తెలంగాణమున భూమికొఱకు రైతులు ఆయుధములు పట్టిన దినములవి. పల్లెలలో ఒకప్రక్క దళముల సంచారము, మఱియొకప్రక్క పోలీసు శిబిరములు. సమ్మేళనము ముగిసిన పిమ్మట వారు నల్లగొండ పల్లెలవైపు నడచి, ఏప్రిలు 18వ తేదిని పోచంపల్లి చేరిరి. అచ్చటి హరిజనులు తమకు ఎనుబది ఎకరముల భూమి కావలెనని కోరగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూఱెకరములు ఇత్తుననిరి. భూదానోద్యమమునకు అది నాంది. ఆ తరువాతి యేడు వారములలో తెలంగాణమున పండ్రెండు వేల ఎకరములకు పైగా దానముగా వచ్చినది.

మన యువకుల మొదటి ఏర్పాటు ఇట్లుండెను. సైకిళ్లను రైలులో వేసి వార్ధా చేరుట; అచ్చటినుండి హింగన్‌ఘాటు, పాండర్‌కవడ, ఆదిలాబాదు, నిర్మలు, కామారెడ్డి మీదుగా జాతీయ రహదారి వెంబడి అయిదు దినములలో మేడ్చలు చేరి, ఆఱవ దినమున పోచంపల్లిలో పూలమాల సమర్పించుట. ఎనమండుగురికిని ఒకే రంగు చొక్కాలు. వెనుక ఒక వ్యాను; అందులో మంచినీళ్లు, పడకలు, ఫలాహారములు, ఛాయాచిత్రములు తీయువాడు. దాచనేల? ఈ యేర్పాటును విన్నప్పుడు మేమును బాగున్నదనియే తల యూపితిమి. మా తప్పును మాకు చూపినది ఒక ఆదివారపు సాధన.

ఆనాడు తెల్లవాఱగనే శామీరుపేట చెఱువుకట్టపై కలిసికొని, మేడ్చలు చేరి, రహదారి నెక్కి తూప్రాను దిక్కుగా సాగితిమి. ఇది ఒకప్పుడు కాశీనుండి కన్యాకుమారికి పోవు ఏడవ నంబరు బాట. నేడు శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు నలువదినాల్గవ నంబరు రహదారి. లారీ ప్రక్కగా పోవునప్పుడు పుట్టు గాలి మొదట మనిషిని వెలికి నెట్టి, వెంటనే లోనికి లాగును. మాలో చిన్నవాడు ఆ గాలికి తూలి కంకరలో పడి మోచేయి గీఱుకొనెను. అంతటితో పోయినది గాన అదృష్టమనుకొంటిమి. 2022వ సంవత్సరమున ఈ దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వమే ప్రకటించినది. అందు దాదాపు అయిదింట నొకవంతు కాలినడకను పోవువారు. దానికితోడు, రెండు గంటలు తొక్కినను మేము ఒక్క మనుష్యునితో మాటాడలేదు. రహదారి ఊళ్లను తప్పించి పోవుచున్నది; మేమును ఊళ్లను తప్పించి పోయితిమి. వినోబాగారి త్రోవ అని దేనికై వచ్చితిమో అది అచ్చట లేదు.

తిరుగు ప్రయాణమున రహదారిని విడిచి పల్లెబాటలను పట్టితిమి. ఒక ఊరి మొదట సైకిలు ట్యూబు పగిలినది. మాలో ఎవ్వరికిని దానిని సరిచేయ చేతకాదు. పంచరు దుకాణము కలదు గాని, అది మోటారుసైకిళ్ల కొఱకు. మా పలుచని చక్రమునకు తగిన ట్యూబు అచ్చట లేదు. పాలు పోసి వచ్చుచున్న ఒకాయన ఆగి, రబ్బరు ముక్కయు సొల్యూషనును తెప్పించి, నీళ్ల తొట్టిలో ట్యూబును ముంచి, బుడగ వచ్చినచోటు పట్టి అతికి యిచ్చెను. ఆ సందున వేపచెట్టు క్రింద మంచముపై కూర్చున్న వృద్ధుడొకడు మమ్ములను పలుకరించెను.

"యాడికి పోతున్నరు బిడ్డా?"

వినోబా నడచిన త్రోవను పోవుటకు సాధన చేయుచున్నామని మనవారు చెప్పిరి.

"గాయన ఎవరు?"

"పేదలకు భూములు ఇప్పించినాయన, తాతా."

వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, మా వైపు తిరిగి, "మరి గా భూములు ఇప్పుడు ఎవరి చేతుల ఉన్నయి, వకీలు సారూ?" అని అడిగెను.

ఇరువదేండ్లుగా న్యాయస్థానములలో వాదించుచున్న మాకు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు రాలేదు. 1965వ సంవత్సరపు భూదాన గ్రామదాన చట్టము ఏమి చెప్పుచున్నదో మేమెఱుగుదుము: దానముగా వచ్చిన భూమి భూదాన మండలికి చెందవలెను, మండలి దానిని భూమిలేని పేదలకు పంచవలెను. నగరము చుట్టుపట్ల అట్టి భూములపై వ్యాజ్యములు నడుచుచున్న సంగతియు ఎఱుగుదుము. దానమిచ్చిన భూములలో రాతినేలలు, తగవులో నున్న నేలలు పెక్కు కలవన్న విమర్శయు వింటిమి. కాని ఏ ఊరిలో ఎన్ని ఎకరములు ఇచ్చిరి, ఎవరు దున్నుచున్నారు, ఏ పొలము నేడు ప్లాట్లుగా మాఱినది అని ఆ ఊరిలో నిలిచి అడిగి తెలిసికొన్నవారము కాము. పూలమాలకు ఖర్చు లెక్కవేసికొంటిమి గాని ఈ ప్రశ్నకు సిద్ధపడలేదు.

ఇచ్చట మనకు పూర్వులు చూపిన బాట యొకటి కలదు. 1930 మార్చి 12వ తేదిని మహాత్ముడు సాబర్మతినుండి దండికి కదలినప్పుడు గుజరాతు విద్యాపీఠపు విద్యార్థులు కొందఱు ముందుగా ఆ పల్లెలకు పోయి, జనసంఖ్య యెంత, పశువు లెన్ని, ఉప్పు ఎంత వాడుదురు, ఖద్దరు నేయువారు కలరా అని వివరములు సేకరించియుంచిరి. వెనుక వచ్చు దండుకు ఆ వివరములే కన్నులు. సూరతు జిల్లాలో భాట్‌గాం అను గ్రామమున గాంధీజీ బహిరంగసభలో తమ దండునే మందలించిరి. సూరతునుండి లారీలో పాలు తెప్పించుటయు, రాత్రి నడకలో కూలివాని నెత్తిపై బరువైన దీపమును మోయించుటయు వారి మనస్సును నొప్పించినవి. పేదల పేరు చెప్పి నడచువారు పేదల నెత్తికి బరువు కారాదని వారి భావము. వెనుక వ్యాను నడిపింపదలచిన మన యువకులు ఆ సభావృత్తాంతమును ఒకసారి చదువవలెనని కోరుచున్నాము. మేమును చదివినవారమే, చదివియు తల యూపినవారమే.

కావున మా సూచనలు ఇవి.

మొదటిది, కాలము. వినోబాగారు నెల నడచిరి. సైకిలువాడు అంతకు మూడింతల వేగమున పోగలడు. దినమునకు నలువదియైదు కిలోమీటర్లు చాలును. పండ్రెండు దినములలో యాత్ర ముగియును. ప్రొద్దు పొడిచిన పిమ్మటనే బయలుదేఱి, పదకొండు గంటలకు తొక్కుట మానవలెను. చీకటిలో తొక్కరాదు. మధ్యాహ్నమును సాయంకాలమును ఊరివి. ఆ గంటలకొఱకే గదా యాత్ర!

రెండవది, త్రోవ. తప్పనిసరియైనచోట, నిర్మలు దాపున గోదావరిని, ఆదిలాబాదునకు ఉత్తరమున పెన్‌గంగను దాటునప్పుడు, రహదారి నెక్కవలసివచ్చును. అట్టిచోట్ల ఒకరివెనుక ఒకరు ఎడమయంచున పోవలెను. వెనుక ఎఱ్ఱదీపమును, తలపై శిరస్త్రాణమును ఉండవలెను. తక్కిన దూరమెల్ల ఊరిబాటలే. ఇందుకు ఇప్పటినుండియే పటము ముందుంచుకొని, మజిలీలు నిర్ణయించి, ఆయా ఊళ్ల పెద్దలకును పాఠశాలలకును జాబులు వ్రాయవలెను.

మూడవది, బండి. ఖరీదైన సైకిలు కావలెననుట భ్రమ. పల్లెలో దొఱకు చక్రము, పల్లెలో దొఱకు ట్యూబు గలదే మేలు. కూర్చుండి పెడలును అడుగుకు త్రొక్కినప్పుడు కాలు దాదాపు చాపుకొనునంత ఎత్తున సీటును బిగింపవలెను. లేనిచో రెండవనాటికే మోకాళ్లు పట్టును. మూట వీపుపై గాక క్యారియరుపై నుండవలెను. ఒక్కొక్కరికి రెండు ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, గాలిపంపు, అతుకు సామాను, రెండు జతల బట్టలు. ఎవరి పంచరును వారే అతుకుకొనగలిగిననాడే వారి పేరు జాబితాలో చేర్చవలెను. ఈ నియమమునుండి మమ్ములను గూడ మినహాయింపరాదు.

నాల్గవది, దేహము. మొదటి వారము దినమునకు పదునైదు కిలోమీటర్లు, పిమ్మట ఇరువదియైదు, తుదకు వరుసగా రెండుదినములు నలువదియైదు. నలువది దాటిన మావంటివారు వైద్యునికి గుండె చూపించుకొన్న పిమ్మటనే కాలు పెడలుపై నుంచవలెను. ఈ సాధనకు శామీరుపేట, మేడ్చలు నడుమ పల్లెబాటలు చాలును.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, లెక్కపుస్తకము. ప్రతి మజిలీలోను మూడు ప్రశ్నలు అడిగి వ్రాసికొనవలెను: ఈ ఊరిలో భూదానము జరిగెనా? ఎవరికి ముట్టెను? నేడు ఎవరు సాగు చేయుచున్నారు? మనము న్యాయాధిపతులము కాము. ఎవరిపైనను నేరము మోపుటకు పోవుటలేదు. విని వ్రాసి, తిరిగివచ్చి, పఠనమందిరమున అందఱి యెదుట చదివిన చాలును. వార్ధాకు పోవకముందే మన మేడ్చలు, శామీరుపేట మండలముల ఊళ్లలో ఈ ప్రశ్నలు అడిగి చూచుట మంచిది. ఇంటిముందటి సంగతి తెలియనివాడు పొరుగురాష్ట్రమున ఏమి అడుగగలడు?

"వినోబా నడచిరి గదా, మీరు సైకిలెక్కుట యేమి?" అని కొందఱు పరిహసించుచున్నారు. నెలదినములు సెలవు దొఱకు భాగ్యము ఉద్యోగులకును విద్యార్థులకును లేదు. సైకిలు మాత్రము పల్లెను దాటిపోని బండి. పిలిచినచో ఆగును, ఆగినచో నేలపై కాలు మోపవలసినదే. "ఈ యాత్రలవలన ఏమి ఒరుగును?" అనువారు మఱికొందఱు. నూఱెకరముల దానము ఒక్క సాయంకాలమున, ఒక్క ప్రశ్నకు జవాబుగా వచ్చినది. ప్రశ్న అడుగుటకు ఊరికి ఒకరు పోవలసియుండెను, పోయిరి. అంతకుమించిన సమాధానము మావద్ద లేదు.

తుదకు మన పురపాలకులకును రోడ్లశాఖవారికిని ఒక మాట. మేడ్చలుచెంతను శామీరుపేటచెంతను బాహ్యవలయ రహదారి పోవుచున్నది. దానిపై రెండు చక్రముల బండ్లకు ప్రవేశము లేదు. నగరపు పడమటి భాగమున ఆ రహదారి ప్రక్కనే ఇరువదిమూడు కిలోమీటర్ల సైకిలుబాటను పైకప్పుతోసహా నిర్మించి 2023లో తెఱచిరి. సంతోషము. మన దిక్కున పాలక్యానులు కట్టుకొని పోవువానికిని, కర్మాగారమునకు పోవు కూలికిని పైకప్పు అక్కఱలేదు. సర్వీసురోడ్డు అంచున నాలుగడుగుల బాటయు, దానిపై బండ్లు నిలుపకుండ చూచు కాపును చాలును. మేము పండ్రెండు దినములు తొక్కి ఇల్లు చేరుదుము. వారు దినదినము తొక్కవలసినవారు.

యువకులు వ్యానును మానుకొనిరి. చొక్కాల విషయమింకను తేలలేదు. వచ్చు ఆదివారము తెల్లవాఱగనే శామీరుపేట చెఱువుకట్టపై మరల కలిసికొందుము. ఆ వేపచెట్టు క్రిందికి ముందుగా పోవుదుము. తాతకు జవాబు బాకీయున్నాము.