హన్మకొండలో ఒక అర్ర కిరాయికి కావాలె!

చదువుల నగరమని మురిసిపోతున్నాం. 1959లో ఆర్‌ఈసీ వచ్చింది, మెడికల్ కాలేజీ వచ్చింది. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. ఎంజీఎం ఆసుపత్రి ఉంది, కాజీపేట జంక్షన్ ఉంది, గల్లీకో కోచింగ్ సెంటర్ ఉంది. ఇంతమందిని రమ్మని పిలిచిన ఊరు, వచ్చినవాళ్లు ఎక్కడ తలదాచుకోవాలో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఒక పడకగది, ఒక వంటర్ర, ఒక బాత్రూం. చిన్న జీతం ఉద్యోగికి ఇంతకుమించి అక్కర లేదు. ఆ ఇల్లే దొరకడం లేదు.

నయీంనగర్, కిషన్‌పుర, సుబేదారి, బాలసముద్రం, వడ్డేపల్లి... మేం గల్లీ గల్లీ తిరిగాం. టులెట్ బోర్డులకు కొదవ లేదు. కానీ అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు రెండు పడకగదులకు తక్కువ కట్టడం లేదు. పాత ఇళ్లల్లో రెండర్రల పోర్షన్లు ఉండేవి. ఇప్పుడవి హాస్టళ్లయ్యాయి. ఒక సంసారానికి ఇస్తే ఒక్క కిరాయే వస్తుంది, అదే అర్రలో నాలుగు మంచాలేస్తే నాలుగు కిరాయిలు. ఇంటాయన లెక్క ఇంటాయనది. రిటైరైన పంతులు తన పీఎఫ్ డబ్బులతో మీద ఒక అంతస్తు లేపుకుంటే ఆయన్ను దోపిడీదారు అనేంత తెలివితక్కువతనం మాకు లేదు. మా పేచీ ఆయనతో కాదు, ఈ మొత్తం వ్యవహారాన్ని ఆయన దయకు వదిలేసిన సర్కారుతో.

దొరికిన ఆ ఒక్క ఇంటికి పోతే కిరాయి మాటకన్నా ముందు ప్రశ్నలొస్తాయి. పెండ్లయిందా? ఇంటిపేరేంది? మీరేమిట్లు? నీసు తింటరా? ముస్లిం పేరు వినగానే "నిన్ననే వేరేవాళ్లకు మాటిచ్చినం" అంటారు. దళిత పిల్లవాడు ఊరి పేరు, ఇంటిపేరు చెప్పి మెట్లు దిగి వస్తాడు. ఒంటరి ఆడపిల్ల నైట్ డ్యూటీ నర్సని తెలిస్తే గేటు దగ్గర్నే మాట అయిపోతుంది. బోర్డు మీద రాయని షరతు ఇంకొకటి ఉంది. కిరాయి ఇంట్లో చావు కావద్దు. ఆసుపత్రిలో ప్రాణం పోయిన తల్లిని ఏండ్ల తరబడి కిరాయి కట్టిన వాకిట్లోకి తేనియ్యక, రోడ్డు పక్కన టెంటు వేసి పండబెట్టిన కుటుంబాలు తెలంగాణ పట్టణాల్లో ఎన్ని! కిరాయి పుచ్చుకుంటారు, శవాన్ని మాత్రం రానియ్యరు. ఇది ఆచారమట!

ఇక పైసల సంగతి. 2021లో సర్కారు ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులకు మూడు తరగతుల జీతాలు ఖరారు చేసింది: 15,600, 19,500, 22,750 రూపాయలు. కిరాయి ఏడు వేలు అనుకుందాం. మేం తిరిగిన చోట్ల అది మంచి బేరమే. కింది తరగతి ఉద్యోగికి జీతంలో దాదాపు సగం మొదటి తారీఖునే పోయింది. ఇంటద్దె అలవెన్సు అన్న మాట అతని కాగితాల్లో లేదు. పర్మినెంట్ ఉద్యోగికైనా ఆ వేతన సవరణలోనే వరంగల్‌లాంటి నగరాల్లో అలవెన్సు 20 శాతం నుంచి 17కు దిగింది. మూలవేతనం పెరిగింది కదా అని సర్దిచెప్పారు. కిరాయిలు పెరగలేదా?

అడ్వాన్సు, బ్రోకర్ కమీషన్, ఖాళీ చేసేటప్పుడు సున్నాల పేరిట కోత, ఇవన్నీ వేరే. కరెంటు సంగతి మరీ విచిత్రం. 2024 మార్చి నుంచి అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల దాకా ఉచితమన్నారు, కిరాయిదారుకూ వస్తుందన్నారు. విడి మీటరే లేని పోర్షన్‌లో, ఇంటాయన పెట్టిన సబ్‌మీటర్ మీద, ఆయన చెప్పిన రేటు కట్టేవాడికి ఆ జీరో బిల్లు ఎటునుంచి వస్తుంది?

మరి చట్టం లేదా? లేకేం, ఉంది. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం. 2005లో దాన్ని సవరించి ఒక గీత గీశారు. మునిసిపల్ కార్పొరేషన్లలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటితే ఆ ఇంటికి చట్టం వర్తించదు. అంటే ఏడు వేల పోర్షన్ చట్టం కండ్లకు భవంతి! రాష్ట్రం వచ్చాక చట్టం పేరులోని 'ఆంధ్రప్రదేశ్' పోయి 'తెలంగాణ' వచ్చింది. సంతోషమే. ఆ గీత సంగతి మాత్రం మేం ఏ ఎన్నికల సభలోనూ వినలేదు.

పథకాలన్నీ సొంతింటివే. 2015లో డబుల్ బెడ్‌రూం అన్నారు, 2024లో ఇందిరమ్మ ఇండ్లన్నారు. రెండోదానిలో జాగ ఉన్నవాడికి అయిదు లక్షలు. జాగ లేకనే కదా కిరాయికి ఉన్నది! కేంద్రం 2020లో కిరాయి ఇండ్ల సముదాయాలని ఒక పథకం ప్రకటించింది. హన్మకొండలో దాని నీడలో నిలబడ్డవాణ్ని మేం ఇంకా కలవలేదు. 'కుడా' ప్లాట్లు వేలం వేయడం చూశాం, అర్రలు కట్టి కిరాయికియ్యడం చూడలేదు. 1934లో ఆజంజాహి మిల్లు పెట్టిన నిజాం జమానాలో కార్మికులకు క్వార్టర్లు కట్టాలన్న సోయి ఉండేది. కాజీపేటలో రైల్వేకూ ఉండేది. నీళ్లు, నిధులు, నియామకాలని మూడు చెప్పుకొని కొట్లాడినం. నీడ అన్న నాలుగోది అప్పుడు మన నోట కూడా రాలేదు, నిజమే. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం లేకుండా నిలబడ్డ ఉద్యోగుల్లో ఎంతమంది కిరాయి ఇండ్లవాళ్లో ఎవరు లెక్కబెట్టారు?

మేం అడిగేది ఆకాశంలో చుక్కల్ని కాదు. 3,500 గీతను ఇప్పటి కిరాయిలకు తగ్గట్టు జరపాలె. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా కిరాయి చట్టంలో అడ్వాన్సు రెండు నెలలకు మించొద్దన్న నిబంధన ఉంది. దాన్ని ఇక్కడ అమలుచేయాలె. ఆ నమూనాను మొత్తంగా నెత్తిన పెట్టుకోమనడం లేదు, కిరాయి ఎంతన్నది ఇద్దరి ఒప్పందానికే వదిలేసిన చట్టమది. ఔట్‌సోర్సింగ్ వాళ్లకూ ఇంటద్దె అలవెన్సు ఇవ్వాలె. వేలం వేసే జాగల్లో కొంత ఆపి యూనివర్సిటీ వైపు, ఎంజీఎం వైపు ఒక్క పడకగది ఇండ్లు కట్టి సర్కారే కిరాయికియ్యాలె. కులం అడిగి, మతం అడిగి ఇల్లు లేదన్న చోట, శవాన్ని వాకిట్లోకి రానియ్యని చోట, ఫిర్యాదు తీసుకునే ఒక కుర్చీ కార్పొరేషన్ ఆఫీసులో ఉండాలె.

ఓట్లడిగేవాళ్లు మన గల్లీలకు వస్తారు. మెట్లెక్కి మీది పోర్షన్ దాకా కూడా వస్తారు. ఈ అయిదింటిలో దేనికి ఒప్పుకుంటరో, ఆ మెట్ల మీదనే కాగితం పట్టి రాయించుకుందాం.