మొహాలకు సున్నం వద్దు, లైటు పక్కకు జరపండి

పెళ్లిలో గ్రూప్ ఫోటో అంటే చాలు, మనల్ని ఎండకు ఎదురుగా నిలబెట్టేస్తారు. కళ్లు చిట్లించుకుంటూనే నవ్వాలి! ఆనక కంప్యూటర్లో మన చామనఛాయ మొహాలకు సున్నం కొట్టి ఇస్తారు. ఇందుకు నేనొప్పుకోను.

ఎండను మన వీపు వైపు ఉంచి, ఫ్లాష్‌ని కెమెరా మీంచి తీసి, పక్కన స్టాండు మీద తలలకంటే ఎత్తులో, గొడుగుతో పెట్టమనండి. కాస్త దూరంగా పెడితే ఈ చివరున్న అత్తయ్యకూ ఆ చివరున్న పిన్నికీ వెలుగు ఇంచుమించు సమానంగా పడుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే కాబట్టి పవర్ పెంచాలి, అంతే. చుట్టూ ఉన్న వెలుతురుకంటే ఫ్లాష్ కొంచెం తక్కువుంటే, వేసినట్టే తెలియదు.

వేలకు వేలు తీసుకునేవాళ్లకు ఇదేమంత కష్టం? అడ్వాన్సు ఇచ్చేముందే అడగండి: స్టాండు తెస్తారా? రంగు మార్చకుండా ఇస్తారా? మన రంగుకి లోటేమీ లేదు, లోటల్లా వెలుతురుకే.